“అమ్మ కోసం ఒక్కసారి మునిగితే ఏం పోతుంది?”

గుంటూరులో పుట్టి పెరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వాళ్లది తరతరాల లూథరన్ కుటుంబం. తండ్రి రిటైరైన టీచరు, చర్చి కమిటీలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి. ఈమెకు నెలల పిల్లగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇప్పించారు. హైస్కూల్లో ఉండగా కన్ఫర్మేషన్ కూడా అయింది, అంటే ఆ విశ్వాసం తనదేనని సంఘం ముందు ఒప్పుకున్నారు. మూడేళ్ల కిందట ఒంగోలు దగ్గర ఒక బాప్టిస్టు కుటుంబానికి కోడలయ్యారు. “అందరం క్రైస్తవులమే కదా” అనుకుని పెళ్లినాడు రెండు వైపులా ఎవరూ ఏమీ అడగలేదట.

ఇప్పుడు సమస్య వచ్చింది. అత్తగారి ఊరి చర్చిలో ప్రభురాత్రి భోజనం, అంటే యేసును గుర్తు చేసుకుంటూ పంచుకునే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు పళ్లెం ఈమెను దాటి పక్కవాళ్లకు వెళ్లిపోతోంది. నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోకపోతే రక్షణ లేదని అత్తగారు అంటున్నారు. తమ సంఘం బాప్తిస్మమిచ్చే యోహాను కాలం నుంచే ఉందని, తమ ముత్తాత గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నవాడని మామగారు గర్వంగా చెబుతారు. వచ్చే ఈస్టర్‌కు ఇచ్చే బాప్తిస్మాల్లో కోడలి పేరు కూడా రాయించేశారు. ఈ సంగతి తెలిసి ఈమె తండ్రి ఫోన్లో ఒకే మాట అడిగారు: “అంటే నేను నిన్నెత్తుకుని ఇప్పించింది బాప్తిస్మం కాదా?” అప్పటి నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. భర్తేమో “అమ్మ కోసం ఒక్కసారి మునిగితే ఏం పోతుంది?” అంటున్నారు. మధ్యలో ఏడు నెలల బాబు. వాడికి బాప్తిస్మం ఇప్పించమని పుట్టింటివాళ్లు, బాప్తిస్మం లేకుండా ఆశీర్వాదం అడిగే ప్రతిష్ఠ చేస్తే చాలని అత్తింటివాళ్లు.

“నాకు ఎవరి మాటా పూర్తిగా తప్పనిపించదు. ఈ బాప్టిస్టులు ఎక్కడి నుంచి వచ్చారో, ఏం నమ్ముతారో గొడవ లేకుండా నాకెవరూ చెప్పలేదు. తెలుసుకుని నిర్ణయించుకోవాలని ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు” అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ అత్తగారి మాటా కాదు, మీ నాన్నగారి మాటా కాదు. మీ వారి మాట. ఇంట్లో గొడవ తగ్గాలని, మీ మీద ప్రేమతోనే అని ఉంటారు. కానీ బాప్టిస్టు విశ్వాసం పుట్టిందే ఆ మాటను కాదనడానికి. తనకు నమ్మకం కలగకుండా, ఇంకొకరి ఇష్టం కోసం తీసుకునేది అసలు బాప్తిస్మమే కాదన్నవాళ్లే మొదటి బాప్టిస్టులు. అలా అన్నందుకు జైళ్లలో మగ్గారు, దేశాలు వదిలిపోయారు. మీ నిర్ణయం ఏదైనా సరే, ఈ ఒక్క సంగతి మీ చేతిలో ఉండాలి. అందుకే కొంచెం చరిత్ర చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1600ల మొదట్లో ఇంగ్లండ్‌లో చర్చికి అధిపతి రాజు. పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ ఊరి చర్చిలో బాప్తిస్మం ఇవ్వాలి. ఆ బిడ్డ ఆ చర్చి మనిషి అయిపోవాలి. వేరుగా కూడుకుని ఆరాధన చేస్తే శిక్ష. గెయిన్స్‌బరో అనే ఊళ్లో అలా వేరుగా కూడుకునేవాళ్లలో జాన్ స్మిత్ అనే ఆయన ఒకరు. అంతకుముందు ఆంగ్లికన్ గురువుగా ఉన్నవాడు. థామస్ హెల్విస్ న్యాయశాస్త్రం చదువుకున్న భూస్వామి. వీళ్లూ, ఇంకొందరూ కలిసి హాలండ్‌కు పారిపోయారు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్మిత్ తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుని, తర్వాత హెల్విస్‌కూ మిగతావాళ్లకూ ఇచ్చాడు. పసితనంలో తమకు జరిగింది తాము కోరుకున్నది కాదు, తాము నమ్మి తీసుకున్నదీ కాదు, కాబట్టి అది లెక్కలోకి రాదని వాళ్ల వాదన. బాప్టిస్టు సంఘం మొదలును చరిత్రకారులు ఎక్కువమంది అక్కడి నుంచే లెక్కిస్తారు.

మరి మామగారు చెప్పే యోహాను సంగతి? ఆ మాట 19వ శతాబ్దంలో అమెరికాలో కొందరు బాప్టిస్టులు బలంగా ప్రచారం చేశారు. యోహాను నాటి నుంచి తెగకుండా తమ సంఘం నడిచివచ్చిందని వాళ్లు నమ్మారు. దానికి చారిత్రక ఆధారాలు లేవు. బాప్టిస్టు చరిత్రకారుల్లోనే చాలామంది దాన్ని ఒప్పుకోరు. అయినా ఈ విషయం మీద మామగారితో వాదానికి దిగకండి. కొత్త నిబంధనలో సంఘం ఎలా ఉందో మనమూ అలాగే ఉండాలన్న ఆశ ఆయన మాటలో ఉంది. ఆ ఆశను గౌరవించవచ్చు.

ఇక్కడ మీరూ మీ నాన్నగారూ గమనించాల్సినది ఒకటుంది. 1609లో జరిగింది ముంచి ఇచ్చిన బాప్తిస్మం కాదు, నీళ్లు పోసి ఇచ్చిందేనని చరిత్రకారులు చెబుతారు. నీళ్లలో పూర్తిగా ముంచడం 1640ల్లో లండన్ సంఘాల్లో మొదలైంది. 1644లో ఏడు లండన్ సంఘాలు కలిసి రాసుకున్న విశ్వాస ప్రకటనలో అది స్పష్టంగా కనిపిస్తుంది. అంటే వాళ్లు ముందు తేల్చుకున్నది బాప్తిస్మం ఎవరికి ఇవ్వాలన్నది. ఎలా ఇవ్వాలన్నది ఆ తర్వాత వచ్చింది. ఇటు చూస్తే మార్టిన్ లూథర్ తాను రాసిన బాప్తిస్మ క్రమంలో పసిబిడ్డను నీళ్లలో ముంచమనే రాశాడు. కాబట్టి మీ రెండు ఇళ్ల మధ్య ఉన్న తేడా చిలకరించడమా ముంచడమా అన్నది కాదు.

అసలు తేడా ఇదీ. లూథరన్ల దృష్టిలో బాప్తిస్మం దేవుడు చేసే పని. ఆయన వాగ్దానం బిడ్డ మీదకు వస్తుంది. బిడ్డకు తెలిసిందా లేదా అన్నదానితో ఆ వాగ్దానం ఆగిపోదు. లూథర్ మనసు కుంగినప్పుడల్లా “నేను బాప్తిస్మం పొందినవాణ్ని” అని తనకు తాను గుర్తు చేసుకునేవాడు. బాప్టిస్టుల దృష్టిలో బాప్తిస్మం మనిషి ఇచ్చే జవాబు. దేవుడు ముందే చేసిన పనికి, మారుమనస్సు పొందిన మనిషి సంఘం ముందు నిలబడి చెప్పే సాక్ష్యం అది. జవాబు చెప్పగలిగే వయసు రాకముందు దాన్ని తీసుకోవడంలో వాళ్లకు అర్థం కనిపించదు.

ఇది అర్థమైతే మీ అత్తగారి మాటలో పొరపాటు మీకే తెలుస్తుంది. బాప్తిస్మం వల్ల రక్షణ వస్తుందని బాప్టిస్టు బోధలో లేదు. రక్షణ విశ్వాసం వల్ల, కృప వల్ల వస్తుంది, బాప్తిస్మం దాని తర్వాతది అని వాళ్లు నేర్పుతారు. సిలువ మీద దొంగ బాప్తిస్మం లేకుండానే పరదైసుకు వెళ్లాడని ప్రసంగాల్లో చెప్పేది వాళ్లే. మునగకపోతే రక్షణ లేదని మిమ్మల్ని భయపెట్టడం వాళ్ల సంఘం బోధకే విరుద్ధం. అత్తగారికి ఈ మాట మీరు చెబితే ఎదురుచెప్పినట్టు అవుతుంది. వాళ్ల పాస్టర్‌గారి నోట వినేలా చూడండి.

మీ నాన్నగారి బాధ కూడా ఇప్పుడు వేరుగా కనిపిస్తుంది. మీరు అత్తింటివైపు మొగ్గుతున్నారన్న రోషం మాత్రమే కాదది. ఆ రోజు దేవుడు మీకిచ్చిన మాట చెల్లదని కూతురే సంఘం ముందు చెప్పబోతోందని ఆయన భయం. లూథరన్లకు ఇది చాలా పాత గాయం. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో, పసివాళ్ల బాప్తిస్మాన్ని తోసిపుచ్చేవాళ్లను పేరు పెట్టి ఖండించారు. బాప్టిస్టుల కంటే ముందే స్విట్జర్లాండ్‌లో ఇదే మాట చెప్పిన ఫెలిక్స్ మాంజ్ అనే యువకుణ్ని 1527 జనవరిలో జూరిక్ నగర పెద్దలు లిమ్మట్ నదిలో ముంచి చంపారు. ఆ నగరం కూడా ప్రొటెస్టెంటు నగరమే. లూథరన్ ప్రాంతాల్లోనూ ఇలాంటివాళ్లను హింసించారు. 2010లో స్టట్‌గార్ట్‌లో కూడిన లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వాళ్ల వారసులైన మెన్నొనైట్లను ఆ హింస గురించి క్షమాపణ అడిగింది. బోధలో తేడా తేడాగానే ఉంది, అయినా క్షమాపణ అడిగారు. మీ నాన్నగారు చదువుకున్న మనిషి, చర్చి పనులు తెలిసినవారు. ఈ సంగతి ఆయనకు చెప్పండి. తేడా ఉన్నా పగ లేకుండా ఉండొచ్చని ఆయన సంఘమే లోకం ముందు చూపించింది.

మళ్లీ హెల్విస్ దగ్గరికి వస్తాను. స్మిత్ మనసు మార్చుకుని అక్కడి మెన్నొనైట్లలో కలవాలని చూశాడు. హెల్విస్ ఒప్పుకోలేదు. చిన్న గుంపుతో ఇంగ్లండ్‌కు తిరిగి వచ్చి, 1612 ప్రాంతంలో లండన్ శివార్లలోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో సంఘం పెట్టాడు. వెళితే జైలేనని తెలిసే వెళ్లాడు. ఒక పుస్తకం రాసి, రాజు మర్త్యుడే, దేవుడు కాడు, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదని అందులో ఒక ప్రతి మీద రాజుకే స్వదస్తూరితో రాశాడు. మతద్రోహులైనా, ముస్లింలైనా, యూదులైనా, ఎవరైనా సరే, విశ్వాసం విషయంలో శిక్షించే హక్కు లోకాధికారికి లేదన్నాడు. ఆ రోజుల్లో అంత మాట అన్నవాళ్లు అరుదు. న్యూగేట్ జైల్లో వేశారు. 1616 నాటికే చనిపోయాడు. రాజుకే లేని అధికారం అత్తమామలకు ఎక్కడి నుంచి వస్తుందమ్మా? వాళ్లు నమ్మే విశ్వాసం మూలంలోనే మీకు ఈ స్వేచ్ఛ ఉంది.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్న కథ ఒకటి చెబుతాను. 1812లో అమెరికా నుంచి అడోనీరామ్ జడ్సన్, ఆయన భార్య యాన్ మిషనరీలుగా కలకత్తాకు ఓడలో బయల్దేరారు. అప్పటికి వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే కాంగ్రిగేషనల్ సంఘంవాళ్లు. బెంగాల్‌లో విలియం కేరీ లాంటి బాప్టిస్టులను కలవాలి కదా, వాళ్లకు జవాబు చెప్పాలి కదా అని జడ్సన్ దారిలో ఈ విషయం మీద లేఖనాలు చదవడం మొదలుపెట్టాడు. చదివేకొద్దీ బాప్టిస్టుల మాటే నిజమనిపించింది. యాన్ ఒప్పుకోలేదు. నువ్వు బాప్టిస్టువైనా నేను కాను అని ఎన్నోసార్లు చెప్పానని ఆమే తర్వాత రాసుకుంది. భర్త కోసం సర్దుకుపోలేదు. తానే కూర్చుని చదివింది, వాదించింది, చివరకు తనకు నమ్మకం కలిగాకే ఒప్పుకుంది. ఇద్దరూ కలకత్తాలో బాప్తిస్మం తీసుకున్నారు. తమను పంపిన సంస్థకు రాజీనామా ఇచ్చి, కొత్త దేశంలో ఆదాయం లేకుండా నిలబడ్డారు.

వాళ్లతోపాటు మారిన లూథర్ రైస్ అమెరికా తిరిగి వెళ్లి బాప్టిస్టులను కూడగట్టాడు. దాని ఫలితంగా 1814లో ఏర్పడిన మిషన్ సంస్థే తర్వాత తెలుగువాళ్ల దగ్గరికి శామ్యూల్ డేను పంపింది. ఆయన 1840లో నెల్లూరు చేరాడు. అంటే మీ మామగారి ఊరి సంఘం వెనక యాన్ జడ్సన్ మొండితనమూ, నిజాయితీ రెండూ ఉన్నాయి.

ఇక గుండ్లకమ్మ. మామగారు ఎంత గర్వపడినా తక్కువే. కానీ ఆ కథను ఆయన పూర్తిగా గుర్తు తెచ్చుకోవాలి. 1876 నుంచి 78 వరకు సాగిన ఘోర కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం, పని కోసం వచ్చారన్న అనుమానం ఉండకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి డబ్బుల పని ముగిశాక కూడా జనం వస్తూనే ఉంటే అప్పుడు మొదలుపెట్టాడు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు మొత్తం అంటరానివాళ్లని తోసేసిన మనుషులు ఒక్కొక్కరుగా నీళ్లలోకి దిగి, ఇది నా నిర్ణయం అని చెప్పుకున్న రోజు అది. ఆకలితో ఉన్నవాడు అడిగినా, ఇంకో కారణం కలుస్తుందేమోనని ఇవ్వడానికి ఆగిన చరిత్ర అది. అత్తగారి మనశ్శాంతి కోసం కోడలికి ఇచ్చే బాప్తిస్మం ఆ చరిత్రకు గౌరవం అవుతుందా? ఈ మాట మామగారిని మీరు నెమ్మదిగా అడగవచ్చు. ముత్తాత పేరు మీద అడిగితే ఆయన వింటారని నా నమ్మకం.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఇంటి శాంతి కోసం ఈస్టర్‌కు మునిగి వచ్చేయడం ఒక దారి. దీనివల్ల వెంటనే కొంత ప్రశాంతత వస్తుంది, కాదనను. కానీ బాప్తిస్మానికి ముందు పాస్టర్‌గారు సంఘం ఎదుట మిమ్మల్ని అడుగుతారు: నీవు నమ్మి తీసుకుంటున్నావా అని. ఆ ఒక్క ప్రశ్నకు మీరు అబద్ధం చెప్పాల్సి వస్తుంది. నాన్నగారికి గాయం అవుతుంది, మీకు నమ్మకమూ రాదు. నాకైతే ఈ దారిలో రెండు సంఘాలకూ న్యాయం కనిపించడం లేదు.

నిజంగా నమ్మకం కలిగి తీసుకోవడం ఇంకో దారి. చదివి, ప్రార్థించి, ఆలోచించాక బాప్టిస్టుల మాటే సరైందని మీకే అనిపిస్తే, నాన్నగారి బాధ మిమ్మల్ని ఆపాల్సిన పని లేదు. పెద్దామె మీరు. అప్పుడు ఆయనతో చెప్పాల్సింది ఒకటుంది. మీరు నన్ను ఎత్తుకుని దేవుడి దగ్గరికి తీసుకెళ్లిన రోజు లేకపోతే ఈ రోజు కూడా లేదని చెప్పండి. లూథరన్ సంఘంలో మీ సభ్యత్వం మీద దీని ప్రభావం ఏమిటో గుంటూరు పాస్టర్‌గారిని ముందే అడగండి. తర్వాత తెలిసి బాధపడటం కంటే అది నయం.

లూథరన్‌గానే ఉండి, బాప్టిస్టు సంఘంలో ఆరాధనకు వెళ్లడం మరో దారి. దీనిలో మీరు కోల్పోయేవి ఉంటాయి. సంఘ సమావేశంలో ఓటు ఉండకపోవచ్చు. ప్రభువు బల్ల దగ్గర పళ్లెం మిమ్మల్ని దాటిపోవచ్చు. ఆ దాటిపోవడం ఎంత నొప్పో మీ ఉత్తరంలో చదివాను. దాన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు, మీ వారినీ తీసుకోనివ్వవద్దు.

అయితే ఈ విషయం మీద బాప్టిస్టులందరూ ఒకే మాట మీద లేరు, ఎప్పుడూ లేరు. విశ్వాసం కోసం పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో గడిపిన జాన్ బన్యన్, బాప్తిస్మం విషయంలో అభిప్రాయభేదం ప్రభువు బల్లకు అడ్డు కాకూడదని 1673లో పుస్తకమే రాశాడు. లండన్ బాప్టిస్టు నాయకుడు విలియం కిఫిన్ దాన్ని గట్టిగా ఖండించాడు. ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు. పైగా బాప్టిస్టుల్లో ఒక్కో సంఘం తన విషయాలు తానే నిర్ణయించుకుంటుంది. సంఘాలన్నిటి మీద ఆజ్ఞ వేసే బిషప్ వాళ్లకు ఉండడు. అందుకని ఒంగోలు దగ్గర పల్లెలో ఉన్న పద్ధతే హైదరాబాద్‌లో మీరు వెళ్లగలిగే బాప్టిస్టు చర్చిలోనూ ఉండాలని లేదు. కొన్ని సంఘాలు సాక్ష్యం విని, మునుపటి చర్చి లెటర్ చూసి బల్లకు రానిస్తాయి. కొన్ని రానివ్వవు. మీరుండేది హైదరాబాద్ కాబట్టి, మీరూ మీ వారూ కలిసి అక్కడ ఒక సంఘాన్ని చూసుకోవచ్చు. 1970లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో బాప్టిస్టులూ, పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాళ్లూ ఒకే సంఘంగా కలిశారు. రెండు పద్ధతులనూ అక్కడ ఒప్పుకున్నారు. మన తెలుగు నేల మీద అలా కలవలేదు కానీ, అసాధ్యం కాదని చెప్పడానికే ఇది రాశాను.

బాబు సంగతి మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వాడి విషయం తేలేది మీ ఇద్దరి మధ్య. తాతలూ అమ్మమ్మా నానమ్మా సలహా చెప్పవచ్చు, అంతే. వాడికి ప్రతిష్ఠ చేస్తే, అంటే దేవుడి సన్నిధిలో బిడ్డను ఎత్తుకుని కృతజ్ఞతలు చెప్పి ఆశీర్వాదం అడిగితే, తర్వాత లూథరన్ చర్చిలో బాప్తిస్మం ఇప్పించే వీలు ఉంటుంది. బాప్తిస్మమే ఇప్పిస్తే మీ అమ్మగారి మనసు కుదుటపడుతుంది. కానీ మీ వారు మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే ఆ గొడవ వాడు పెద్దయ్యేదాకా ఉంటుంది. మీ నమ్మకం ఇంకా తేలలేదు కాబట్టి ఇప్పటికి ప్రతిష్ఠతో ఆగడం మేలనిపిస్తోంది. బిడ్డకు ఏమైనా అయితే ఎలా అన్న భయం మీ అమ్మగారికి ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకండి. గుంటూరు పాస్టర్‌గారిని ఇంటికి పిలిచి, బాబు కోసం ప్రార్థన చేయించండి. ఆవిడ పక్కన కూర్చోండి.

మీ వారితో ముందు మాట్లాడండి, అందరికంటే ముందు. “మీ అమ్మ కోసం మునిగితే మీ విశ్వాసం ప్రకారం అది బాప్తిస్మం అవుతుందా?” అని అడగండి. కోపంగా కాదు, తెలుసుకోవడానికి అడిగినట్టు. ఆయన పెరిగింది ఆ బోధలోనే, జవాబు ఆయనకు తెలిసే ఉంటుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఊరి పాస్టర్‌గారి దగ్గరికి వెళ్లి, ఈస్టర్ జాబితాలో నుంచి పేరు తీయించండి. ఎప్పటికీ వద్దని చెప్పాల్సిన పని లేదు, నమ్మకం కలిగినప్పుడు నేనే వస్తానని చెప్పండి. ఏ బాప్టిస్టు పాస్టరూ ఆ మాటను కాదనలేడు. ఆయన్ని రెండు విషయాలు అడగండి: ఈ సంఘంలో ప్రభురాత్రి భోజనం నియమం ఎవరు పెట్టారు, సంఘం కూడి దాన్ని మార్చుకోవచ్చా అని. మామగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన లేకుండా వెళితే వెనక మాట్లాడుకున్నట్టు అవుతుంది.

నాన్నగారికి ఫోన్ చేయకండి, గుంటూరు వెళ్లండి. బాబును తీసుకుని వెళ్లండి. మీ బాప్తిస్మం నాటి సంగతులు ఆయన్నే చెప్పమని అడగండి, మధ్యలో మాట్లాడకుండా వినండి. ఆ తర్వాతే మీ సందేహాలు చెప్పండి.